ఇనుము పెట్టిన చెయ్యి

ఆ ఇంట్లో విశాలాక్షిని ఎవరైనా "పడుకో" అన్నారంటే ఆమె భర్తకు మూర్ఛ వచ్చిందని అర్థం.

మిగతా వేళల్లో ఆ మాట ఆమెతో ఎవరూ అనరు. చీకటితో లేచి పొయ్యి రాజేయాలి. మధ్యాహ్నం అంట్లు తోమి వంటిల్లు సర్దగానే పెరట్లో రాతిబిళ్ళల ముందు కూర్చోవాలి. గనుల నుంచి బండ్లమీద వచ్చిన ఆ బిళ్ళలను ఇసుకా నీళ్ళూ వేసి నున్నగా రుద్ది, కడిగి, ఆరబెట్టి, చెక్క చట్రంలో బిగిస్తే అవి పలకలవుతాయి. మార్కాపురం బజారులోని దుకాణంలో కూర్చుని కాశీవిశ్వనాథం వాటిని అమ్ముతాడు. "మీ పలక అద్దం మాదిరుంటది శెట్టిగారూ" అని ఎవరైనా మెచ్చుకుంటే, "మా నాయన కాలం నుంచి అంతే" అని నవ్వుతాడు. రుద్దిన వేళ్ళ సంగతి అతనికి గుర్తుండదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా ఆమె అత్త కనకమ్మ, "ఆ నాలుగు బిళ్ళలు రుద్దితే చెమట పట్టి అదే దిగిపోతది" అన్నదే కాని పడుకోమనలేదు.

పెళ్ళినాటికి విశాలాక్షికి పద్దెనిమిదేళ్ళు. గిద్దలూరులో కలప అడితిలో గుమాస్తాగా ఉండే నాయన, నలుగురూ నవ్వుతున్నా వినకుండా ఆమెను నంద్యాల పంపి టీచరు ట్రైనింగు చదివించాడు. సంబంధం వచ్చినప్పుడు జాతకాలు కూడా చూడలేదు. "కాశీవిశ్వనాథానికి విశాలాక్షి. దేవుడు జతచేసిన పేర్లు, మనం చూసేదేముంది?" అని మధ్యవర్తి అంటే అందరూ సంబరపడ్డారు. జాతకాలు చూసి ఉన్నా ఆ సంగతి వాటిలో కనపడేది కాదు. తెలిసినవాళ్ళు నోరు విప్పి చెప్పాలి. తెలిసినవాళ్ళు ఆరోజు తాంబూలాలు అందిస్తూ తిరుగుతున్నారు.

కాపురానికి వచ్చిన మూడోనెలలో ఒక తెల్లవారుజామున పక్కనుంచి ఒక కేక వినిపించింది. అది మగ గొంతూ కాదు, ఆడ గొంతూ కాదు. కళ్ళు తెరిచేసరికి భర్త కొయ్యబారి ఉన్నాడు. మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. తరువాత కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది, నోట్లోంచి నురగ. ఆమె అరిచేలోపే కనకమ్మ లోపలికొచ్చింది. ఆమె ముఖంలో భయం లేదు, తొందర ఉంది. కోడలి రెక్క పట్టుకుని ముందుగదిలోకి లాక్కొచ్చి, చాప పరిచి, "పడుకో" అంది. జడ విప్పేసింది. నడుముకున్న తాళాలగుత్తి తీసి కోడలి గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది. మూర్ఛ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడతారని విశాలాక్షికి తెలుసు. తన చేతిలో ఎందుకు పెట్టిందో మాత్రం తెలియలేదు. ఇల్లు అప్పగిస్తోందేమో అనుకుంది ఆ పిచ్చిపిల్ల.

కనకమ్మ లోపలిగది తలుపు దగ్గరకు వేసి, వీధి తలుపు తెరిచింది. ఎదురింటి పిచ్చమ్మ అప్పటికే గడపలో ఉంది.

"ఏందక్కా ఆ అరుపు?"

"మా కోడలు. మూర్ఛొచ్చినట్టుంది. కొత్త గదా, దేనికి బెదిరిందో ఏమో."

పిచ్చమ్మ పరుగున పోయి ఉల్లిపాయ తెచ్చి, గుద్ది విశాలాక్షి ముక్కుకు అదిమి పట్టింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. "నీళ్ళొచ్చినాయిలే అక్కా, ఇంకేం బయంలేదు" అంది పిచ్చమ్మ తృప్తిగా. మూసిన తలుపు వెనక మంచంకోడు నేలకు కొట్టుకుంటున్న చప్పుడు విశాలాక్షికి వినపడుతూనే ఉంది.

అందరూ వెళ్ళాక కనకమ్మ గుత్తి తీసుకుని మళ్ళీ నడుముకు దోపుకుంది. "ఆడబిడ్డకు పెండ్లి కావాల. అన్నకు ఈ రోగముందంటే దాన్నెవరు చేసుకుంటారు? ఒక్క ఏడాది ఓర్చుకోమ్మా" అంది. ఆ "అమ్మా"కు విశాలాక్షి కరిగిపోయింది. ఆడబిడ్డ పెళ్ళయింది, ఇద్దరు పిల్లల తల్లి కూడా అయింది. అప్పుడు అడిగితే కనకమ్మ ముఖం మారింది. "ఆడదానికి మూర్ఛంటే నలుగురూ అయ్యో పాపమంటారు. మొగోనికంటే దుకాణం మూసుకోవాల. ఆమాత్రం తెలవదా సదువుకున్నదానివి?"

అట్లా తొమ్మిదేళ్ళు. ఊళ్ళో జబ్బు ఆమెది. పేరంటాల్లో ఆమె చంకకు ఎవరూ పసిబిడ్డనివ్వరు. పెళ్ళిళ్ళలో పొయ్యి దగ్గరికి పోబోతే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతారు, బావి దగ్గరికి పోతే చేద అందుకుంటారు. కడుపు పండకపోవడానికి కూడా అదే కారణమని తేల్చారు. ఇంట్లో మాత్రం నిప్పూ నీళ్ళూ అన్నీ ఆమెవే. ఊరికి రోగిష్టి, ఇంటికి గట్టిమనిషి. ఈ రెండూ ఒకే ఒంట్లో ఎట్లా ఇమిడాయని ఎవరూ అడగలేదు.

వీటన్నిటికంటే ఆమెను లోపల కోసేది వేరే ఒకటి ఉంది. మూర్ఛ తగ్గి, మొద్దునిద్ర పోయి లేవగానే కాశీవిశ్వనాథం ఎప్పుడూ ఒకేమాట అడుగుతాడు. "ఎవరన్నా చూసినారా?"

"లేదు, ఎవరూ చూడలేదు" అంటుంది ఆమె. అతను ఊపిరి పీల్చుకుని గోడవైపు తిరుగుతాడు. నురగ తుడిచింది, తడిసిన పంచె మార్చింది, కొరుక్కున్న నాలుక మీద వెన్న రాసింది ఆమే. కానీ ఆ ప్రశ్నలో ఆమె లేదు. చూసినవాళ్ళ లెక్కలోకి పెళ్ళాం రాదు.

కిందటి వేసవిలో మూర్ఛలు ఎక్కువై, దుకాణంలో పడతాడేమోనని కనకమ్మకు భయం పట్టుకుంది. రాయవేలూరు పెద్దాసుపత్రికి బయలుదేరారు. "కోడలికి చూపించుకొస్తాం" అని వీధంతా చెప్పింది కనకమ్మ. పిచ్చమ్మ దారికి పులిహోర కట్టి, విశాలాక్షి తల నిమిరి, "ఇంత సూసే అత్త యాడ దొరుకుతాదే నీకు" అని కళ్ళొత్తుకుంది. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కేదాకా విశాలాక్షి రోగి. గుంతకల్లు దాటాక తెలిసినవాళ్ళెవరూ ఇక లేరని రూఢి చేసుకుని, కాశీవిశ్వనాథం ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాడు.

అక్కడి డాక్టరు నెల్లూరువైపు మనిషి, తెలుగు వచ్చు. "ఎట్లా వస్తుంది?" అని అడిగితే, "తల తిరుగుతది సార్, అంతే" అన్నాడు కాశీవిశ్వనాథం. "చిన్నప్పుడు దడుసుకున్నాడు నాయనా" అంది కనకమ్మ. డాక్టరు కలం పక్కన పెట్టి విశాలాక్షివైపు తిరిగాడు.

"మీరు చూశారా అమ్మా?"

ఆ మాట ఆమెను ఎవరూ అడిగి ఎరగరు. ముందు ఎడమ బొటనవేలు అదరడం, తల ఆ పక్కకే తిరగడం, కేక, ముఖం నల్లబడటం, తరువాత గురక, లేచాక చాలాసేపు ఆ చెయ్యి పట్టు లేకుండా ఉండటం అన్నీ చెప్పింది. డాక్టరు రాసుకుంటూ పోయాడు. కాశీవిశ్వనాథం ఆమెను చూస్తూ ఉండిపోయాడు. తన ఒంటి గురించి అన్ని సంగతులు అతను మొదటిసారి వింటున్నాడు.

"అప్పుడు మీరేం చేస్తారు?"

ఈ ప్రశ్నకు కనకమ్మ ముందుకొచ్చింది. "కండువా తీసుకుని తలకూ మెడకూ కలిపి బిగించి కడతా నాయనా. మెడపక్కన నరం అదిమి పడతా. నెత్తురు నెత్తికి ఎగదన్ని గదా మూర్ఛొచ్చేది. అది దిగాల."

"కంభం చెరువు మీ పక్కనే గదా, చూశారా?" అని అడిగాడు డాక్టరు. చూశామన్నారు.

"చెరువుకైతే తూము దగ్గర మనిషి నిలబడి తలుపు ఎత్తుతాడు, దించుతాడు. మెదడుకు ఆ మనిషి అక్కర్లేదు. ఏ మూల పని పెరిగితే ఆ మూల రక్తనాళాలు వాటంతటవే వెడల్పవుతాయి, పని తగ్గితే సన్నబడతాయి. ఒంట్లో నెత్తురు పోటు కాస్త హెచ్చినా తగ్గినా లోపలి పారుదల ఒక్కతీరుగా ఉండేట్టు అవే చూసుకుంటాయి. మూర్ఛంటే ఒక మూల ఉన్నట్టుండి పూనకం వచ్చినట్టు పనిచేయడం. ఆ నిమిషంలో దానికి మామూలుకంటే ఎక్కువ నెత్తురు కావాలి, గాలి కావాలి. అందుకే అక్కడికి పరుగెత్తుతుంది. నెత్తురు ఎక్కి మూర్ఛ రావడం లేదు పెద్దమ్మా. మూర్ఛ వచ్చింది కాబట్టి నెత్తురు ఎక్కుతోంది. మీరు ఎండిపోయే మడికి కాలువ కట్టేస్తున్నారు."

"మేం దుకాణాలోళ్ళం నాయనా, మాకు మళ్ళూ కాలవల సంగతేం తెలుసు?" అంది కనకమ్మ నొచ్చుకుని.

డాక్టరు నవ్వలేదు. మెడకు గుడ్డ తగలనివ్వొద్దన్నాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, బట్టలు వదులుచేసి, ఊపిరాడనిస్తే చాలన్నాడు. బిళ్ళలు రాసిచ్చి, రోజూ వేసుకోవాలని, తమంతట తాము ఆపితే జబ్బు మళ్ళీ మీదపడుతుందని రెండుసార్లు చెప్పాడు.

తిరుగు రైల్లో తల్లీకొడుకులు నిద్రపోతుంటే విశాలాక్షి కిటికీ పక్కన కూర్చుని ఆ మాటలే తలుచుకుంది. ఏ మూల మంట లేస్తే ఆ మూలకు పరుగెత్తడం ఆమెకు కొత్త కాదు. అత్త కాళ్ళకు నొప్పులొస్తే అటు, దుకాణంలో సరుకు తగ్గితే పెరట్లోకి, ఇంటి పరువుకు ముప్పొస్తే చాపమీదికి. ఎవరూ తలుపెత్తి పంపక్కర్లేదు, తనంతట తనే వెళుతుంది. అయితే ఆ నాళాలకు వెడల్పవడంతోపాటు సన్నబడటం కూడా తెలుసట. ఆ రెండోది ఆమెకు ఎవరూ నేర్పలేదు.

బిళ్ళలు పనిచేశాయి. కాంపౌండరు దగ్గర ఆమె పేరుమీద కొన్న బిళ్ళలను అతను మింగుతుంటే మూర్ఛ మళ్ళీ రాలేదు. "మా విశాలాక్షికి నయమైందంట" అని వీధి సంతోషించింది. అప్పుడే ఆడపిల్లల బడి హెడ్మిస్ట్రెస్ దయామణి టీచరు కబురుచేసింది. ఆంధ్రా, తెలంగాణా కలిసి కొత్త రాష్ట్రమయ్యాక బళ్ళు పెరిగాయి, చదువుకున్న ఆడవాళ్ళు దొరకడం లేదు, ట్రైనింగైన మనిషివి ఇంట్లో ఎందుకున్నావని. కాశీవిశ్వనాథం కూడా అడ్డు చెప్పలేదు. "మంచిదే. నువ్వు బళ్ళో ఉంటే పిల్లోళ్ళు పలకలు మనకాడే కొంటారు" అన్నాడు. విశాలాక్షి దరఖాస్తు పెట్టింది. తన పేరు, చదువు, ఊరు తన చేత్తో రాసుకుంది. ఆ చేత్తో ఆమె రుద్దిన పలకలమీద ఎవరెవరి పిల్లలో అక్షరాలు దిద్దుకున్నారు. ఒక్క పిల్లకైనా తను దిద్దించలేదు.

తరువాత ఒక సాయంత్రం దయామణి టీచరు పెరటి దారిన వచ్చింది. రాతిబిళ్ళల పక్కన గొడుగు ఆనించి, నిలబడే చెప్పింది.

"విశాలాక్షమ్మా, ఆర్డరు ఆపేసినారు. నీకు మూర్ఛలున్నాయని ఇన్‌స్పెక్టరుగారి చెవిన పడింది. పిల్లల మధ్య పడిపోతే ఎట్లా అంటున్నాడు."

"నయమైందని చెప్పకపోతిరా టీచరమ్మా?" ఆ మాట నోట్లోంచి వచ్చాక విశాలాక్షికే ఆశ్చర్యమేసింది. తనకు లేని రోగం తగ్గిందని తనే అంటోంది.

"చెప్పినా. ఊరివాళ్ళ మాట నమ్మొద్దు సార్, ఇంటివాళ్ళనడగండని గూడా చెప్పినా. ఆయన మీ దుకాణానికే పోయి మీ ఆయన్ను అడిగినాడు." దయామణి గొంతు తగ్గించింది. "నిజమే సార్, మా ఆడమనిషికి అప్పుడప్పుడు వస్తాది అన్నాడంట."

ఇసుక అంటిన చేతులు అట్లాగే ఉండిపోయాయి.

"రేపు పొద్దున మొదటి బస్సుకు నేను ఆయన దగ్గరికే పోతున్నా. మీ వీధిమీదుగానే పోతా. నీ మాటేందో అప్పటికి చెప్పు. ఇది దాటితే ఆ పోస్టు ఇంకెవరికో ఇస్తారు."

అన్నం పెట్టేటప్పుడు విశాలాక్షి భర్తను అడిగింది. "ఇన్‌స్పెక్టరుకు మీరే చెప్పినారంట."

అతను ముద్ద కలుపుతూ తలెత్తలేదు. "ఏం చెప్పమంటావు? దుకాణంలో నలుగురున్నారు. లేదంటే, మరి వేలూరు ఎవరికోసం పోయినారంటాడు. బిళ్ళలెవరికంటాడు."

"నాకోసం కాదని మీకు తెలుసు."

"తొమ్మిదేళ్ళు పడినావు, ఇప్పుడేం కొత్తగా? అలవాటైన మాటే గదా. నీకు పోయేదేముంది?"

కనకమ్మ గడపలోంచి అందుకుంది. "ఉద్యోగాలు చేసి ఉద్ధరించొద్దులే. రాళ్ళు రుద్దేవాళ్ళెవరు? పైగా ఆ బిళ్ళలు మింగితే బిడ్డకు దుకాణంలో ఒకటే నిద్ర. నేనే మాన్పించినా. ఇన్ని నెలలు రాలేదు, ఇంకేమొస్తది?"

విశాలాక్షి చారుగిన్నె కింద పెట్టింది. "ఎప్పటినుంచి?"

"మూడుదినాలాయె. ఏం, వైద్యురాలివా నువ్వు?"

డాక్టరు చెప్పిన మాట గుర్తుచేసింది. బిళ్ళ తెచ్చి నీళ్ళతో సహా ముందు పెట్టింది. కాశీవిశ్వనాథం తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు, కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు. 'నీకు పోయేదేముంది' అన్నమాట విస్తరాకులా అక్కడే మిగిలింది. ఎంగిళ్ళతోపాటు దాన్ని కూడా ఆమే ఎత్తుకుంది. కనకమ్మకు కనీసం భయముంది, కొడుకు ఏమైపోతాడోనని. ఇతనికి తెలుసు. ఆమె ఏం మోస్తోందో, ఎవరిది మోస్తోందో తెలుసు. తెలిసీ అడిగాడు.

వేకువన ఆ కేక వినిపించింది.

విశాలాక్షి లేచేలోపే కనకమ్మ వచ్చింది. "నువ్వు పో. పడుకో" అంది. చిత్రమేమిటంటే విశాలాక్షి వెళ్ళింది. కాళ్ళు వాటంతటవే ముందుగదిలోకి నడిచాయి, చేతులు చాప పరిచాయి, ఒళ్ళు వాలిపోయింది. కనకమ్మ గుత్తి తెచ్చి గుప్పిట్లో పెట్టి, వీధి తలుపు గడియ తీసి, లోపలిగదిలోకి పరుగెత్తి దాని తలుపు దగ్గరకు వేసుకుంది.

పిచ్చమ్మ ఉల్లిపాయతో వచ్చింది. "తగ్గిందనుకుంటిమి గదే తల్లీ!" అని తల దగ్గర కూలబడింది. ఆమె వెనక నీళ్ళకు పోతున్న మరో ఇద్దరు. వాళ్ళ వెనక, చేతిసంచీ గొడుగూ పట్టుకుని దయామణి టీచరు. చాపమీద జుట్టు విరబోసుకుని చేతిలో ఇనుముతో పడుకున్న విశాలాక్షిని చూసి ఆమె గడపలోనే ఆగింది. గొడుగు ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకుంది, వెళ్ళబోయే మనిషిలాగా.

అప్పుడు తలుపు వెనక చప్పుడు మారింది. మంచంకోడు కొట్టుకోవడం ఆగి, గొంతు మూసుకుపోతున్న గరగర మొదలైంది. తొమ్మిదేళ్ళుగా ఆ చప్పుళ్ళన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఇది గురక కాదు. కండువా బిగుస్తోంది.

విశాలాక్షి లేచింది.

"లెయ్యొద్దమ్మా, పడతావు!" పిచ్చమ్మ భుజం పట్టుకుంది. ఆ చెయ్యి తీసేసి, నాలుగడుగుల్లో వెళ్ళి లోపలిగది తలుపు రెండు రెక్కలూ బార్లా తోసింది.

కాశీవిశ్వనాథం వెల్లకిలా ఉన్నాడు, ముఖం నేరేడుపండు రంగులో ఉంది. తలకూ మెడకూ కలిపి కండువా ముడిపడి ఉంది. కనకమ్మ అతని మెడపక్కన రెండు బొటనవేళ్ళూ అదిమిపట్టి ఏడుస్తోంది. "దిగవే, దిగవే" అని ఆ నెత్తురుతో మాట్లాడుతోంది. విశాలాక్షి అత్త చేతులు పట్టుకుని లాగేసింది. ముడి రాలేదు, పళ్ళతో విప్పింది. అతన్ని పక్కకు తిప్పింది. నురగ మంచంమీదికి కారింది. మొలతాడు దగ్గర పంచె వదులు చేసింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరువాత ఎక్కడో లోతునుంచి ఊపిరి లోపలికి పోయింది, మళ్ళీ బయటికొచ్చింది. పెదాల నలుపు మెల్లగా విడిచింది.

"తలుపు ముయ్యి" అంది కనకమ్మ. గడపలో నిలబడ్డ ముఖాలను అప్పుడే చూసింది. "ముయ్యవే, నీకు దండం పెడతా!"

విశాలాక్షి మూయలేదు. గుప్పిట్లో ఇంకా ఉన్న తాళాలగుత్తిని భర్త ఎడమచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. ఇనుముతో ఏమీ కాదని ఆమెకు తెలుసు. కానీ గడపలో ఉన్నవాళ్ళకు ఆ భాషే అర్థమవుతుంది.

పిచ్చమ్మ ఉల్లిపాయను కొంగులో దాచుకుంది. "అయితే ఇన్నేండ్లూ..." అని ఆగిపోయింది. "నా చేత్తో నీ కండ్లల్లో ఎంత ఉల్లి పిండితినే తల్లీ" అంది చివరికి.

"కొంప తీసినావు గదే" అని కనకమ్మ గోడకు చేరగిలబడింది. "రేపు వాని దుకాణం మెట్టు ఎవరెక్కుతారు? మొగుని పరువు బజార్లో పెట్టిన ఆడదాన్ని నిన్నే చూసినా."

అది నిజమే. రేపు ఊరంతా అదే అంటుంది. తొమ్మిదేళ్ళ అబద్ధం ఎవరూ గుర్తుపెట్టుకోరు, ఈ ఒక్క పొద్దుటి నిజం జీవితాంతం గుర్తుంటుంది. ఆ మూర్ఛను మొగుడూ, అత్తా మరిచిపోవచ్చు గాని, తలుపు తెరిచిన కోడల్ని మరిచిపోరు. అదంతా విశాలాక్షి అక్కడ కూర్చునే లెక్కవేసుకుంది.

దయామణి టీచరు గొంతు సర్దుకుంది. "నాకు బస్సు వేళైంది. అక్కడ ఏం చెప్పమంటావమ్మా?"

"మీరు చూసింది చెప్పండి టీచరమ్మా."

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కనకమ్మ ముందుగదిలోకి పోయి, విశాలాక్షి వదిలిన చాపమీద ముసుగుపెట్టుకుని పడుకుంది. ఆమెను ఎవరూ పడుకోమనలేదు. ఎండ గదిలోకి వచ్చేదాకా విశాలాక్షి భర్త పక్కనే కూర్చుని అతని ఊపిరి వింటూ ఉంది. అతని మీద కోపం పోలేదు. ఊపిరాడుతున్నందుకు మాత్రం మనసు కుదుటపడింది. ఈ రెండూ ఒకదాన్నొకటి చెరుపుకోవని ఆమెకు ఆ పొద్దున తెలిసింది.

చాలాసేపటికి కాశీవిశ్వనాథం కళ్ళు తెరిచాడు. చేతిలో బరువేమిటో తెలియక గుత్తిని ఎత్తి చూసుకున్నాడు. తెరిచి ఉన్న తలుపువైపు చూశాడు. తడబడే నాలుకతో ఎప్పటిమాటే అడిగాడు.

"ఎవరన్నా చూసినారా?"

జుట్టు ముడేసుకుంటూ లేచి నిలబడింది విశాలాక్షి.

"చూసినారు."